మేం చదువుకోలేదు, పాప సీటు కోసం తోట అమ్మాలా వద్దా?

పలమనేరు రైతు:
అన్నలకి, అక్కలకి నమస్తే. నేను ఏడో క్లాసుతో బడి మానేసినా, మా ఇంటామె అసలు బడికే పోలేదు. పాప ఇంటర్ ఎంపీసీ బాగానే పాసయింది గానీ ఇంజనీరింగ్ సీట్లకి రాసే ఈఏపీసెట్‌లో ర్యాంకు అనుకున్నంత రాలేదు, ఆ ర్యాంకుకి కన్వీనర్ కోటాలో, అంటే గవర్నమెంట్ ర్యాంకు చూసి ఇచ్చే సీట్లలో, మంచి కాలేజీలో కంప్యూటర్స్ రాదంటా ఉండారు. తెలిసినాయన ఒకాయన వచ్చి చెన్నైలో సీటు ఉండాది, ముందు యాభై వేలు కట్టి బ్లాక్ చేసుకోండి అంటాడు. మాకుండేది ఒక ఎకరా మామిడి తోట. అమ్మేద్దాం అని నేను, వద్దు అని ఇంట్లో. పాపేమో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చినా చాలు నాయనా అంటాది. మాకు ఈ బ్రాంచీలు ఏం తెలుస్తాయి, మీరే చెప్పండి.

బెంగళూరు ఐటీ:
అమ్మేయండన్నా. మా నాయన కూడా చేను అమ్మే నన్ను చదివించినాడు, ఇప్పుడు ఇంటికి నేనే పంపిస్తా ఉండా. పెద్ద ఊర్లో కాలేజీ అంటే క్యాంపస్‌కి కంపెనీలు ఎక్కువ వస్తాయి, పిల్లకి ఇంగ్లీషులో మాట్లాడే ధైర్యం వస్తాది. తోట చూసుకోని కూర్చుంటే పాప వయసు ఆగదు కదా.

ఎస్వీయూ సీనియర్:
అమ్మమాకండి అన్నా, కనీసం ఇప్పుడే వద్దు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, మిగతా 30 మేనేజ్‌మెంట్, అంటే కాలేజీ వాళ్లే ఇచ్చుకునేవి. ఆదాయం తక్కువ ఉన్నోళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ఫీజు గవర్నమెంటే కట్టేది, వచ్చేది కన్వీనర్ సీటుకే, మేనేజ్‌మెంట్ సీటుకి రాదు, చెన్నైకి పోతే మన రాష్ట్రం డబ్బులు ఆశపెట్టుకోవద్దు. అంటే నాలుగేళ్ల ఫీజు, హాస్టలు, మెస్సు అంతా ఆ ఎకరా మీదే పడతాది, మూడో ఏడు తోట డబ్బు అయిపోతే అప్పుడేం అమ్ముతారు? ఇంకోటి, కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే, మన చిత్తూరు ఎస్వీయూ (తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) పరిధిలోకి వస్తాది, కాబట్టి పాప ర్యాంకుని వేరే పరిధిలో ఉండే విశాఖ వాళ్లతో పోల్చుకోని భయపడొద్దు. ఈసీఈ చదివినోళ్లు కూడా సాఫ్ట్‌వేర్ కంపెనీల టెస్టులు రాస్తారు, ఉద్యోగాలు తెచ్చుకుంటారు, పాపకే ఇష్టం ఉన్నప్పుడు మనం అడ్డం ఎందుకు? తప్పనిసరైతే బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ ఉండాది, 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే స్కీము ఉండాది, కోర్సు అయిపోయి ఏడాది అయ్యాక కట్టడం మొదలు. తోట మాత్రం చివరి మాట.

పీలేరు అమ్మ:
అన్నా, నేనూ చదువుకోలే, మా పెద్దోడు ఇప్పుడు తిరుపతిలో బీటెక్. చేర్చే ముందు మేం మామూలు రోజు ఒకటి చూసుకోని కాలేజీకి పోయినాం, ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పేది విన్లేదు, బయట టీ అంగడి కాడ పిల్లోళ్లని అడిగినాం. హాస్టల్ ఎంత, అన్నం ఎట్ల ఉండాది, ఫీజు కాకుండా ఇంకేం కట్టించుకుంటారు, పోయిన ఏడు పాసైనోళ్లలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అని. ఇవి అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. ఆడపిల్ల కాబట్టి హాస్టలు కూడా కళ్లారా చూడండి.

బెంగళూరు ఐటీ:
సీనియర్ చెప్పిన రీయింబర్స్‌మెంట్‌ని అంత నమ్ముకోవద్దు అన్నా. గవర్నమెంట్ డబ్బు ఆలస్యం అయితే కొన్ని కాలేజీలు ముందు మీరే కట్టండి అంటాయి, సర్టిఫికెట్లు ఆపి పెడతాయి. ఆ రోజు పిల్ల ముందు తల్లిదండ్రులు పడే అవస్థ నేను చూసినా.

ఎస్వీయూ సీనియర్:
అది నిజమే, కాదనను. అందుకే ఒక ఏడాది ఫీజుకి సరిపడా దగ్గర పెట్టుకోమంటా. అయినా తోట మొత్తం అమ్మేదానికంటే అది చిన్న భారం. అన్నా, ఆ తెలిసినాయన కమిషన్ మనిషేమో కనుక్కోండి, రసీదు లేకుండా రూపాయి ఇయ్యొద్దు. పాప హాల్‌టికెట్, పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని ఆన్‌లైన్‌లో ఇచ్చే వరస, పాపే పెట్టాల, మీరు పక్కన కూర్చోండి. ఇష్టంలేని కాలేజీని పైన పెట్టొద్దు, రెండో విడతలో పైదాంట్లో వస్తే మొదటి సీటు పోతాది. ఇన్‌కం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్ లేకుంటే రేపే మీ ఊరి సచివాలయంలో అర్జీ పెట్టండి, కౌన్సెలింగ్ మొదలైతే అక్కడ జనం ఎక్కువైతారు.