ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు జీఎస్టీ లెక్కల పని

ప్రశ్న: విజయనగరంలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు చిన్న దుకాణదారులకు జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టాలనుకుంటున్నాను. పాత ల్యాప్‌టాప్, 8,000 రూపాయలు ఉన్నాయి. ముందుగా దేనికి ఖర్చు పెట్టాలండి?

జవాబు: ముందు మీ నియామక పత్రం చదవండి. బయటి పని చేయరాదన్న షరతు ఉంటే, రాతపూర్వక అనుమతి వచ్చేవరకు ఆగండి. అనుమతి తీసుకోకుండా బయటి పని చేసి నా మిత్రుడొకరు ఉద్యోగం పోగొట్టుకున్నారు.

జవాబు: డబ్బు అలాగే ఉంచండి, జీఎస్టీ పోర్టల్‌లోని ఆఫ్‌లైన్ టూల్ (ఇంటర్నెట్ లేకుండానే రిటర్ను సిద్ధం చేసుకునే సాఫ్ట్‌వేర్) ఉచితమే. నెలవారీ జీఎస్టీఆర్-1కు (అమ్మకాల వివరాలు చూపే రిటర్ను) తర్వాతి నెల 11వ తేదీ, జీఎస్టీఆర్-3బికి (మొత్తం లెక్క చూపి పన్ను కట్టే రిటర్ను) 20వ తేదీ గడువు కనుక, ఆ రోజుల్లో ఉద్యోగం నుంచి అలసి వచ్చి కూర్చోవలసి ఉంటుందని గుర్తుంచుకుని, గంటస్తంభం దగ్గర ఇద్దరు ముగ్గురు దుకాణదారులతోనే మొదలుపెట్టండి.

జవాబు: సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు మీకు జీఎస్టీ నమోదు అక్కరలేదు. అయితే ఆదాయపు పన్ను రిటర్నులో జీతంతోపాటు ఈ రాబడినీ తప్పక చూపించండి.