ఏరు దాటి తెప్ప... తగలేసినట్టా, తెగేసినట్టా?

భీమిలి నడక: మొన్న ఆదివారం మంగమారిపేట నుంచి భీమిలి దాకా ఒడ్డు వెంబడి నడిచాను, దారి లేనిచోట రోడ్డెక్కి, మళ్లీ ఇసుకలోకి దిగుతూ. ఒక పల్లె దగ్గర తాతా మనవడూ కర్ర తెప్పను గట్టుకు లాగి తాళ్లు విప్పుతున్నారు. ఎటు చూసినా ఫైబర్ పడవలే ఉన్న రోజుల్లో తెప్ప కనబడేసరికి నిలబడిపోయాను. దుంగలు విడదీసి ఎండకి పరుస్తూ "ఇప్పకపోతే కర్ర నీరు తాగీసి బరువెక్కిపోద్ది బాబూ" అన్నాడాయన. తర్వాత ఎవరి గురించో మనవడితో "ఏరు దాటి తెప్ప తెగేసినట్టు" అన్నాడు, నాకైతే అలాగే వినిపించింది. ఆ వెనక ఇంకో ముక్క ఉంది, అది కెరటాల హోరులో కలిసిపోయింది. మా అమ్మమ్మ కూడా దీన్ని రెండు ముక్కలుగానే అనేది. మూడు రోజులుగా నాలిక చివర ఆడుతోంది, రావట్లేదు. ఎవరికైనా తెలుసా?

తెనాలి మాస్టారు: తెగేసినట్టు కాదండీ, తగలేసినట్టు. ఒడ్డుకు చేర్చినదాన్నే కాల్చేయడంలో ఉంది ఆ కృతఘ్నత అంతా. రెండో ముక్క అంటారా, "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అనేదాంతో కలిపేసుకున్నట్టున్నారు.

భీమిలి నడక: మల్లయ్య కాదు మాస్టారూ. రెండో ముక్కలో "గట్టు" అనే మాట ఉన్నట్టు గుర్తు.

పూడిమడక ఆడపడుచు: మాస్టారూ, అప్పుడే ఏరు దాటిన తెప్ప తడిసి ముద్దై ఉంటుంది, దాన్ని తగలెయ్యడం ఎలాగండీ? తెప్పకి మేకులుండవు, తాడే ప్రాణం. మా నాన్న రోజూ విప్పేవాడు, తెల్లారగట్ట మళ్లీ బిగించేవాడు. విప్పడం రేపటి కోసం. తెగెయ్యడం అంటే ఇక దీంతో పని లేదని. ఆ తాత తాడు విప్పుతూ ఈ సామెత అన్నాడంటే ఊరికే అనలేదు. తెగేసినట్టే అసలుది, ఏటి గట్టు ఊళ్లకి వెళ్లాక అది తగలేసినట్టు అయ్యుంటుంది.

తెనాలి మాస్టారు: ఊహ బాగుందమ్మా. కానీ అచ్చులో నేను చూసినచోటల్లా తగలేసినట్టే.

నల్లగొండ: మాకు సముద్రం లేదు గానీ ఒక మాట. "పైసలన్నీ తగలవెట్టిండు" అంటం, అక్కడ మంటేముంది? వృథా చేసిండనే కదా. తగలేసుడు కూడా గంతే అయితే తెప్ప తడిదా పొడిదా అన్న పంచాయితీయే లేదు.

పాత పుస్తకాలు: మంగమారిపేట పక్కనే తొట్లకొండ ఉంది, ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండిన కొండ, అది మరచిపోయారు. బుద్ధుడు చెప్పిన తెప్ప కథ గుర్తుందా? ఏరు దాటించింది కదా అని తెప్పను నెత్తిన పెట్టుకుని మోయక్కర్లేదు, ఒడ్డునే వదిలెయ్యాలి, ధర్మం కూడా అంతేనంటాడు. వదిలెయ్యడం కొండమీద భిక్షువుల దగ్గర జ్ఞానం, కొండ కింద పల్లెలో అదే తిట్టు. ఈ సామెత ఆ బోధకు పల్లె చెప్పిన జవాబని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తెనాలి మాస్టారు: ఆధారం చూపించండి, ఒప్పుకుంటాను. తెప్ప మాట వచ్చింది కాబట్టి, రఘువంశం మొదట్లోనే కాళిదాసు "ఉడుపేనాస్మి సాగరం" అంటాడు. దాటరాని సముద్రాన్ని తెప్పతో దాటబోతున్నానని వినయం.

పూడిమడక ఆడపడుచు: మా నాన్న రోజూ తెప్ప మీదే సముద్రంలోకి వెళ్లేవాడు మాస్టారూ.

తెనాలి మాస్టారు: నిజమేనమ్మా. ఆ శ్లోకం ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

పాత పుస్తకాలు: తెప్ప అంటే నాకు అన్నమయ్యే. "తెప్పగా మర్రాకు మీద తేలాడువాడు". ఒక్క ఆకు, కట్టూ లేదు తాడూ లేదు, తెగేదీ లేదు. తర్వాతి పాదం "ఎప్పుడు"తో ఎత్తుకుంటాడు, ఆ ప్ప దగ్గర గొంతు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదులుతుంది. నీళ్లమీద ఊగినట్టే ఉంటుంది, పైకి చదివి చూడండి.

నల్లగొండ: చదివిన. రెండోసారి చదువుతుంటే మా పాప కూడా అందుకుంది.

తెనాలి మాస్టారు: తిరుమలలో ఫాల్గుణంలో ఐదు రోజులు తెప్పోత్సవం. పుష్కరిణి మెట్లమీద కూర్చుని ఆ కీర్తన వినాలి, ఇంకెక్కడ విన్నా ఆ రుచి రాదు.

భీమిలి నడక: ఇవాళ మళ్లీ వెళ్లాను. మనవడొక్కడే ఉన్నాడు. తాత ఏమన్నాడని అడిగితే "తెప్ప తెగ్గొట్టీసినట్టు" అన్నాడు.

పూడిమడక ఆడపడుచు: చూశారా! తె-నే.

తెనాలి మాస్టారు: తెగ్గొట్టడం వేరు, తెగేయడం వేరు. కుర్రవాడి నోటి మాట పట్టుకుని పాఠం మార్చలేం.

నల్లగొండ: రెండో ముక్క అడిగిండ్రా లేదా?

భీమిలి నడక: అడిగాను. వాడికి తెలీదట. తాత వేటకెళ్లాడు, రేపు పొద్దున్న వస్తాడన్నాడు.