పెరూ కోల్కా లోయ: అమ్మానాన్నలతో ఒక్కరోజు టూరా, రాత్రి అక్కడే ఉండాలా?

డల్లాస్_గుంటూరోడు:
అందరికీ నమస్కారం. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులకి పెరూ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, గుంటూరు నుంచి వచ్చి మాతో ఉన్న అమ్మానాన్న. ముందు లిమా, తర్వాత అరెకీపా, అక్కణ్ణుంచి కోల్కా, చివర్లో కుస్కో, మచు పిచ్చు. అమ్మకి 63, బీపీ మాత్ర వేసుకుంటుంది, అది తప్ప ఆరోగ్యం బాగానే ఉంది, రోజూ నడుస్తుంది. ఏజెంట్లు రెండు రకాలు చెప్తున్నారు. తెల్లవారుజామున 3కి బయల్దేరి సాయంత్రానికి అరెకీపా తిరిగొచ్చేది ఒకటి, చివాయ్ ఊళ్లో రాత్రి ఉండి మర్నాడు కాండర్ పక్షుల్ని చూసి వచ్చేది ఇంకోటి. ఒక్కరోజుదైతే మిగిలిన రోజు కుస్కోలో వాడుకోవచ్చని నా లెక్క. కానీ మధ్యలో 4,910 మీటర్ల కనుమ దాటాలట, ఆ మాట విన్నప్పట్నుంచి మా ఆవిడకి ఒకటే టెన్షన్. అమ్మానాన్న శాకాహారులు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

మజ్జిగ_మిరపకాయ్:
బ్రో, రాత్రి ఉండేదే తీసుకో, ఇంకో ఆలోచన వద్దు. ఒక్కరోజు టూర్లో నిద్ర లేకుండా చీకట్లో ఆ కనుమ ఎక్కిస్తారు, మళ్లీ సాయంత్రంలోపు అదే కనుమ మీదుగా దింపుతారు, పెద్దవాళ్లు వ్యాన్లో తలలు వేలాడేసి కూర్చోవడమే తప్ప చూసేదేమీ ఉండదు. రెండు రోజులదైతే ఉదయం 8 ప్రాంతంలో తాపీగా బయల్దేరతారు. పాంపా కన్యావాస్ మైదానంలో వికూన్యాలు (లామా జాతి అడవి జంతువులు) మేస్తూ కనిపిస్తాయి, అక్కడ వ్యాన్ ఆపుతారు. పటపాంపా కనుమ దగ్గర అంపాతో, సబంకాయా అగ్నిపర్వతాలు ఎదురుగా ఉంటాయి. సబంకాయా 2016 నుంచి పొగ కక్కుతూనే ఉంది. అక్కడ పావుగంట కన్నా ఎక్కువ ఆపరు. దిగి నాలుగడుగులు వేస్తే చాలు ఊపిరి అందదు, అమ్మగారిని వ్యాన్లోంచే చూడమను, బాత్రూమ్‌కని కూడా పరుగెత్తొద్దు.

కాండర్ల సంగతి. వాటిని చూసే చోటు క్రూస్ దెల్ కోందోర్, అక్కడికి ఉదయం 8 నుంచి 10 లోపు చేరాలి. అంతకు ముందు అవి కిందున్న రాతి అంచుల మీద కదలకుండా కూర్చుంటాయి. ఎండ పడి బండలు వేడెక్కి గాలి పైకి లేచాక ఒక్కొక్కటే వదిలి వస్తాయి. రెక్కలు చాచితే 3 మీటర్లు, కానీ ఆడించడం ఉండదు, గాలి మీద జారుతూ సుళ్లు తిరుగుతూ మన తల దాకా వచ్చేస్తాయి. ఒకటి మా పక్కనుంచి వెళ్తుంటే రెక్క చివరి ఈకలు వేళ్లలా విడివిడిగా కనిపించాయి, వాటి మధ్య గాలి కోసుకుపోయే చప్పుడు స్పష్టంగా వినిపించింది. మెడ చుట్టూ తెల్ల పట్టీ ఉంటే పెద్దది, ఒళ్లంతా గోధుమరంగైతే పిల్ల. మా నాన్న మాత్రం "ఎంతైనా రాబందే కదరా" అన్నాడు. అన్నాడే గానీ అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు.

వైజాగ్_డాక్టరమ్మ:
పైన చెప్పింది బాగుంది, ఎత్తు విషయం నేను చెప్తాను. కనుమని దాటేయడం కన్నా రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నారన్నదే ముఖ్యం. అరెకీపా 2,335 మీటర్లు, చివాయ్ 3,635, కుస్కో దాదాపు 3,400. అంటే చివాయ్ కుస్కో కన్నా ఎత్తు. అరెకీపాలో రెండు రాత్రులు ఉండి, తర్వాత చివాయ్‌లో పడుకుంటే, కుస్కోలో దిగేసరికి ఒంటికి కొంత అలవాటై ఉంటుంది. కాబట్టి మీరు మిగుల్చుకుందామనుకుంటున్న రోజు, చివాయ్‌లో ఖర్చు పెడితేనే కుస్కోలో కలిసొస్తుంది. చివాయ్‌లో ఆ రాత్రి తలనొప్పి రావచ్చు, నిద్ర సరిగా పట్టకపోవచ్చు. తలనొప్పికి తోడు వాంతులు, తూలడం, కూర్చున్నా ఆయాసం ఉంటే మాత్రం తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే కిందికి దించేయాలి.

డయామాక్స్ (ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వేసుకునే మాత్ర) గురించి బయల్దేరే ముందే అమ్మగారి డాక్టర్‌తో మాట్లాడండి, బీపీ మాత్ర ఏదో చెప్పండి, సల్ఫా మందులు పడవంటే అది కూడా చెప్పండి. హోటల్లో కోకా ఆకుల టీ ఇస్తారు. మీకు ఆఫీసులో డ్రగ్ టెస్ట్ ఉంటే మాత్రం ముట్టుకోకండి, పరీక్షలో దొరికిపోతుంది. ఆ టీ ప్యాకెట్లు అమెరికాకి తేవడం కూడా నిషేధం. అమ్మగారు మూన్యా టీ తాగొచ్చు, పుదీనా వాసన వస్తుంది.

ఊరూరా_తిరిగేవాడు:
బుక్ చేసే ముందు ఒకటి గట్టిగా అడగండి. కోల్కా రెండు రోజులు అనే పేరుతోనే ట్రెక్కింగ్ కూడా అమ్ముతారు. కబానాకొందే నుంచి సంగాయే దాకా వెయ్యి మీటర్లకు పైగా దిగి, మర్నాడు చీకటితోనే మళ్లీ ఎక్కాలి. ధర తక్కువని అది బుక్ చేశారంటే మీ అమ్మగారు మిమ్మల్ని జన్మలో క్షమించరు.

నన్నడిగితే చివాయ్ బదులు యాంకే గానీ కొపొరాకే గానీ చూడండి, ఆ ఊళ్లలో ఇళ్లల్లోనే గదులిస్తారు. చివాయ్ అంతా బస్సులు, పిజ్జా హోటళ్లు. లోయ లోతు 3,000 మీటర్ల పైమాటే అని బ్రోచర్లలో రాస్తారు గానీ అది కొండ కొమ్ము నుంచి లెక్క, కాండర్లు చూసే చోట నది 1,200 మీటర్ల కింద ఉంటుంది. ఏమాటకామాటే, నాకు లోతు కన్నా మెట్ల పొలాలే నచ్చాయి. ఇంకాలు రాకముందే ఈ లోయలోని కొయాగ్వా, కబానా తెగలవాళ్లు కట్టుకున్నవి, ఇప్పటికీ సేద్యం జరుగుతోంది. ఆడవాళ్ల టోపీ చూసి ఎవరు ఎవరో పోల్చుకోవచ్చు: రిబ్బన్ కట్టిన తెల్ల గడ్డి టోపీ అయితే కొయాగ్వా, రంగుల కుట్టుపని ఉంటే కబానా. పొద్దున్నే యాంకే చౌరస్తాలో పిల్లలు వితితి నృత్యం చేస్తారు. 2015లో యునెస్కో జాబితాకెక్కిన నృత్యం, కానీ అక్కడ చేసేది బస్సుల వాళ్ల కోసమే. నాకది అంత రుచించలేదు, మీ ఇష్టం. లోయ ప్రవేశ టికెట్, వేడినీటి బుగ్గల టికెట్ మామూలుగా టూర్ ధరలో కలవవు, చిల్లర సోల్స్ (పెరూ డబ్బు) దగ్గర పెట్టుకోండి.

పప్పుచారు_ప్రవాసి:
తిండికి భయం లేదు. కీన్వా సూప్, సోల్తేరితో అనే బొబ్బర్ల లాంటి పెద్ద గింజలూ చీజూ కలిపిన సలాడ్, బంగాళాదుంపలు ఎక్కడైనా దొరుకుతాయి. సూప్‌లో కోడి రసం పోశారా అని మాత్రం అడగాలి, మాంసం ముక్క లేకపోతే శాకాహారమే అనుకుంటారు. అమెరికా రైస్ కుక్కర్ మోసుకెళ్లకండి, పెరూలో కరెంటు 220 వోల్టులు, కాలిపోతుంది. పైగా అంత ఎత్తులో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, పప్పు చచ్చినా ఉడకదు. వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా ప్యాకెట్లు పట్టుకెళ్లండి.

ఇంకోటి, అమ్మానాన్నలకి అమెరికా వీసా కనీసం ఆరు నెలలు గడువుంటే పెరూకి వేరే వీసా అక్కర్లేదు. తేదీలు చూసుకోండి.

డల్లాస్_గుంటూరోడు:
అందరికీ థాంక్స్. రాత్రి ఉండేదే ఖాయం, యాంకేలో అడుగుతున్నా. వీసాలు చూశా, 2031 దాకా ఉన్నాయి. ఇంకొక్క ప్రశ్న, యాంకే నుంచి అరెకీపాకి రాకుండా నేరుగా పూనో వెళ్లి తితికాకా సరస్సు కూడా చూసేస్తే?

వైజాగ్_డాక్టరమ్మ:
పూనో 3,830. మీ ఇద్దరే అయితే వెళ్లండి. అమ్మగారితో అయితే అరెకీపాకి దిగి, విమానంలో కుస్కో.