యోబు 40:15లో ‘బెహేమోత్’: ఒక్క మృగమా, పశువులా?

పాఠకురాలు:
యోబు 40:15లో మన తెలుగు బైబిలు ‘నీటిగుఱ్ఱము’ అంటోంది. హీబ్రూలో ఉన్న మాట బెహేమోత్. రూపం చూస్తే, పశువు అనే అర్థమున్న బెహేమా అనే స్త్రీలింగ పదానికి బహువచనం. గడ్డి మేస్తుందని చెప్పే క్రియ ‘యోఖెల్’ మాత్రం పుంలింగ ఏకవచనం. లింగమూ కలవలేదు, వచనమూ కలవలేదు. ఎలా చదవాలండీ?

నైలుతీరం:
అది అసలు హీబ్రూ మాట కాదనే నా నమ్మకం. ‘నీటి ఎద్దు’ అనే ఈజిప్టు మాటే హీబ్రూ నోట అలా మారింది. అలాంటప్పుడు బహువచనమన్న చిక్కే లేదు.

వ్యాకరణప్రియ:
ఆ ఈజిప్టు మాట ఏ ఈజిప్టు రాతలోనూ దొరకలేదు. బెహేమోత్‌ను వివరించడానికి పండితులు ఊహించి కూర్చినది. కీర్తన 73:22 తీసి చూడండి. దేవుని ఎదుట తాను బెహేమోత్‌నయ్యానని ఒక్క మనిషి చెప్పుకుంటున్నాడు. అక్కడ నైలు లేదు, నీటిగుఱ్ఱం లేదు. నిండుదనాన్ని చెప్పడానికి హీబ్రూ బహువచన రూపం వాడుతుంది. 40:15లోనూ అంతే, పశువులు కాదు, ఒక్క మహామృగం. సామెతలు 9:1లో ఇల్లు కట్టిన జ్ఞానం ‘హోఖ్మోత్’. రూపం బహువచనం, క్రియ ఏకవచనం.

నైలుతీరం:
మరి యోబు 12:7? మృగములను అడుగుము, అవి నీకు బోధించును అన్నచోట కూడా బెహేమోతే, క్రియ కూడా ఏకవచనమే. అవి మామూలు పశువులే కదా! ఏకవచన క్రియను బట్టి మహామృగమని ఎలా తేలుస్తారు?

వ్యాకరణప్రియ:
సరైన అభ్యంతరం. అయితే అక్కడి క్రియ ‘తోరెకా’ స్త్రీలింగం. జంతువుల బహువచనానికి స్త్రీలింగ ఏకవచన క్రియ రావడం హీబ్రూలో ఉన్న పద్ధతే. యోవేలు 1:20లో, యిర్మీయా 12:4లో అదే కనిపిస్తుంది. 40:15లో వచ్చింది పుంలింగం. అంటే ఆ మాట ఒక్క మృగానికి పేరుగా మారిపోయింది. ప్రసంగి 1:2లో, ప్రసంగి అనే అర్థమున్న ‘కోహెలెత్’ రూపానికి స్త్రీలింగమే అయినా క్రియ పుంలింగం, ఎందుకంటే మాట్లాడేవాడు పురుషుడు. పాత గ్రీకు అనువాదం ఇక్కడ ‘మృగములు’ అని బహువచనం పెట్టింది. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోము బెహేమోత్ అనే ఉంచాడు. నేను జెరోము పక్షం.

నైలుతీరం:
పదం హీబ్రూదేనని ఒప్పుకున్నా జంతువు మారదు. 21, 22 వచనాల్లో జమ్ము, బురదనేల, కాలువ ఒడ్డు చెట్లు, 23లో పొంగే నది. ఇంకే జంతువండీ?

పాఠకురాలు:
17వ వచనంలో తోకను దేవదారుతో పోల్చారు. నీటిగుఱ్ఱం తోక చాలా చిన్నది. దానికేమంటారు?