అప్‌డేట్: రెజిన్ చక్రాల్లో బుడగల సమస్య తీరింది

1/24 స్కేల్ మోడల్ కారుకి రెజిన్‌తో (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) చక్రాలు పోస్తుంటే స్పోక్‌ల చివర్లలో బుడగలు మిగిలిపోతున్నాయని, మోల్డ్ (అచ్చు) చేసేటప్పుడు మోడలింగ్ మట్టి తగిలిన చోట సిలికాన్ గట్టిపడక జిగటగా ఉండిపోతోందని ఇంతకుముందు అడిగాను. రెండూ తీరాయి. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

జిగటకి కారణం మట్టిలోని గంధకమే. ప్లాటినం రకం సిలికాన్‌కి అది అస్సలు పడదు. గంధకం లేని మట్టి వాడగానే మోల్డ్ శుభ్రంగా వచ్చింది.

బుడగల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ప్రెషర్ పాట్‌లో (గాలి ఎక్కించి ఒత్తిడి పెంచే మూత పాత్ర) 40 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర రెజిన్ గట్టిపడేదాకా ఉంచితే బుడగలు కంటికి కనిపించనంత చిన్నవైపోతున్నాయి. అయితే మోల్డ్‌ని కూడా అదే ఒత్తిడిలో తయారు చేసుకోవాలి. లేకపోతే సిలికాన్‌లో చిక్కుకున్న గాలి ఒత్తిడికి కుంచించుకుపోయి, ఆ చోట చక్రం మీద చిన్న బొడిపెలు తేలతాయి. ఈ విషయం ముందే చెప్పినవారికి ఎంతో రుణపడ్డాను. పాట్ మీద రాసిన పరిమితి దాటి మాత్రం గాలి ఎక్కించకండి.

పోసేముందు మోల్డ్‌లో టాల్కమ్ పౌడర్ పలచగా అద్ది దులిపేస్తే రెజిన్ సన్నని మూలల్లోకి చక్కగా పాకుతోంది. పాలీయురేథేన్ రెజిన్‌కి తేమ పడదు కాబట్టి సీసా మూత వెంటనే బిగించేస్తున్నాను.

తర్వాత హెడ్‌లైట్ అద్దాలు, పారదర్శక రెజిన్‌తో.