మొదటి క్యూఆర్‌పీ కిట్: పిక్సీయా, క్యూసీఎక్స్ మినీయా, బిట్‌ఎక్సా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

పెద్దలందరికీ నమస్కారం. నిరుడు హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు చేతికొచ్చింది గానీ ఇంతవరకు సొంత సెట్టు లేదు. రెడీమేడ్ సెట్టు కొనడం నా ఉద్దేశం కాదు. 40 మీటర్ల బ్యాండులో (7 మెగాహెర్ట్జ్ ప్రాంతం) పనిచేసే తక్కువ శక్తి (క్యూఆర్‌పీ) ట్రాన్సీవర్‌ను, అంటే పంపడం, వినడం రెండూ చేసే సెట్టును, నా చేతులతో కట్టుకొని, దానితోనే మొదటి పలకరింపు చేయాలని కోరిక. మోర్సు నిమిషానికి ఎనిమిది పదాల వేగం వరకు వినగలను. అంతకు మించి ఎవరైనా కొడితే చుక్కలూ గీతలూ కలగాపులగమైపోతాయి. మా మావయ్యగారి మోటారు వైండింగు షాపులో పనిచేస్తున్నాను కనుక కాయిల్ చుట్టడం, సోల్డరింగ్ చేయడం కొత్త కాదు. అయితే నా దగ్గరున్న పరికరం ఒక్క మల్టీమీటరే.

కొద్ది డబ్బుకే దొరికే పిక్సీ, విదేశం నుంచి రావలసిన క్యూసీఎక్స్ మినీ, మన హైదరాబాదులోనే పుట్టిన బిట్‌ఎక్స్, ఈ మూడింటి మధ్య ఊగిసలాడుతున్నాను. దేనితో మొదలుపెట్టడం మేలో, కారణంతో సహా చెప్పమని కోరుతున్నాను.

గంటస్తంభం రేడియో (విజయనగరం)

బాబూ, పిక్సీతో మొదలుపెట్టు. ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేసిన చేతితో చెబుతున్నాను. అందులో ఉన్నవి రెండు ట్రాన్సిస్టర్లు, ఒక 386 ఆడియో ఐసీ, ఫ్రీక్వెన్సీని కదలకుండా నిలిపే ఒక క్రిస్టల్, గుప్పెడు కెపాసిటర్లు, అంతే. ఒక ట్రాన్సిస్టరు 7.023 మెగాహెర్ట్జ్ వద్ద ఊగుతుంది. రెండోది మోర్సు కీ నొక్కినప్పుడు శక్తినిచ్చి, కీ వదిలినప్పుడు అదే మిక్సరుగా మారి, గాలిలోంచి వచ్చిన సంకేతాన్ని చెవికి వినపడే స్వరంగా దించుతుంది. ఒకే ముక్క రెండు పనులు చేయడం కళ్లారా చూసిన కుర్రవాడికి ట్రాన్సీవర్ అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

సాయంత్రం కూర్చుంటే రాత్రి భోజనానికి లేచేలోపు పూర్తవుతుంది. చెడిపోయినా పోయేది కొద్ది డబ్బే, ట్రాన్సిస్టరు కాలిపోతే పది రూపాయలతో మరొకటి వేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది: ఏరియల్ తగిలించే ముందు దాని బదులు శక్తిని మింగే డమ్మీ లోడు చేసుకో. వెయ్యి ఓమ్‌ల అర వాటు రెసిస్టర్లు ఇరవై పక్కపక్కన కలిపితే యాభై ఓమ్‌లవుతుంది, పది వాట్ల వరకు ఓర్చుకుంటుంది. ఆ ఇరవై రెసిస్టర్లు ఏ కిట్ కొన్నా పనికొస్తాయి.

చంపావతి (నెల్లిమర్ల)

మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంచుకొనే విభేదిస్తున్నాను. పిక్సీ చక్కని పాఠమే, కానీ చెవిటి పాఠం. దాని రిసీవరు డైరెక్ట్ కన్వర్షన్ (సంకేతాన్ని ఒక్క అంచెలోనే స్వరంగా దించే) రకం కావడం వల్ల స్వరానికి అటూ ఇటూ ఉన్న రెండు పక్కలూ ఒకేసారి వినిపిస్తాయి. ముందు వడపోత కూడా నామమాత్రం. చీకటి పడితే 7.2 మెగాహెర్ట్జ్ పైనున్న విదేశీ ప్రసార కేంద్రాల గోల నేరుగా ఆ 386లోకి దూరుతుంది. క్రిస్టల్ ఒక్కటే కనుక, పక్క ఫ్రీక్వెన్సీలో ఎవరైనా పిలుస్తున్నా అక్కడికి జరగలేము; మన చోటికే ఎవరో ఒకరు రావాలని కూర్చోవాలి. పైగా ప్రసారమూ వినికిడీ ఒకే క్రిస్టల్ మీద నడవడంతో, ఎదుటివారి స్వరం వినపడాలంటే వారికీ మనకూ కొన్ని వందల హెర్ట్జ్ తేడా ఉండి తీరాలి.

శక్తి సంగతి చూద్దాం. తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద పిక్సీ అర వాటు ఇస్తే గొప్ప. అయిదు వాట్లకూ అర వాటుకూ మధ్య పది డెసిబెల్స్ తేడా ఉంది, అంటే సంకేత బలం చూపే మీటరు మీద ఒకటిన్నర ఎస్-యూనిట్ (ఒకటిన్నర మెట్టు) పైమాటే. అయిదు వాట్లకూ వంద వాట్లకూ మధ్య ఉన్నది పదమూడే. తక్కువ శక్తితో మాట్లాడవచ్చనే మాట నిజమే గానీ, అయిదు వాట్ల దగ్గర నిజమైనంత సులభంగా అర వాటు దగ్గర కాదు. కొత్తవాడు నెల రోజులు కీ కొట్టి జవాబు రాకపోతే ఏమవుతుంది? తప్పు ఏరియల్‌దా, సెట్టుదా, తనదా అన్నది తేలక, కిట్ బీరువాలోకి పోతుంది. మా కాలేజీలో అలా పోయినవి రెండు చూశాను.

నా ఓటు క్యూసీఎక్స్ మినీకి. అందులో బోర్డు ఉపరితలం మీదే అతికే చిన్న భాగాలను ముందే అతికించి పంపుతారు; మనం అతికించవలసినవి కాళ్లున్న భాగాలూ, చుట్టవలసినవి టొరాయిడ్లూ (వలయం మీద తీగ చుట్టే కాయిళ్లు). రిసీవరులో అవసరం లేని పక్క స్వరాన్ని అణిచే ఏర్పాటు, 200 హెర్ట్జ్ వడపోత ఉన్నాయి. మూడు బీఎస్170 మాస్ఫెట్లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) కలిసి పన్నెండు వోల్టుల మీద నాలుగైదు వాట్లు ఇస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, పరీక్ష పరికరాలు దాని కడుపులోనే ఉన్నాయి. సంకేతాన్ని అదే పుట్టించుకొని, తెర మీద గీత పెరగడం చూస్తూ ట్రిమ్మరు (సరిచేసే చిన్న మర) తిప్పమంటుంది. శ్రీకాకుళంలో మల్టీమీటరు తప్ప మరేమీ లేని కుర్రవాడికి సంకేతం ఆకారం చూపే ఆసిల్లోస్కోపు ఎవరిస్తారు?

ఉద్దానం కొబ్బరి (కవిటి)

ఇద్దరూ మోర్సు చుట్టూనే తిరుగుతున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా పలాస ప్రాంతం మీద తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలతో పాటు ఫోన్లూ పోయాయి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ రోజుల్లో పక్క మండలంలో ఎవరున్నారో తెలియక తిరిగినవాణ్ని కనుకనే నేను హామ్‌నయ్యాను. ఆపదలో ఊరివాళ్ల మాటను ఊరివాళ్ల భాషలోనే అవతలికి చేర్చాలి. అందుకు మోర్సు కాక నోటి మాటనే పంపే బిట్‌ఎక్స్ కావాలి.

అశ్హర్ ఫర్హాన్ గారు 2003 ప్రాంతంలో రూపొందించిన బిట్‌ఎక్స్ 20లో గొప్పతనం ఏమిటంటే, విదేశీ టొరాయిడ్ దొరకనివాడు కుళాయి వాషరు మీద కాయిల్ చుట్టుకోవచ్చు. నాలుగు 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లతో ఫిల్టరు, చివర శక్తినిచ్చే ఐఆర్ఎఫ్510 మాస్ఫెట్ ఒకటి. ఒకే ఆంప్లిఫయరు వినేటప్పుడు ఒక దిక్కుకూ, మాట్లాడేటప్పుడు ఎదురు దిక్కుకూ నడుస్తుంది. మన అంగళ్లలో దొరికే సామానుతో, మన చేతికి అందేలా ఆలోచించినది అది. దాన్ని 40 మీటర్లకు మార్చి కట్టుకుంటే, పొద్దున్నే ఆ బ్యాండులో మనవాళ్ల కబుర్లు వినబడుతుంటే, అయిదారు వాట్ల మాటతో వాటిలో కలవవచ్చు.

గంటస్తంభం రేడియో (విజయనగరం)

తమ్ముడూ, నువ్వు చెప్పిన వాషరు బిట్‌ఎక్స్ వేరు, తర్వాత వచ్చిన బిట్‌ఎక్స్ 40 వేరు. ఆ రెండోది భాగాలన్నీ అతికించి, పరీక్షించిన బోర్డుగా వచ్చింది. కొన్నవాడు చేసింది పెట్టె, స్విచ్చి, స్పీకరు, మైకు కలపడమే. అది మంచి సెట్టే, నేనూ వాడాను. కానీ దాన్ని కట్టడం అని ఎలా అంటాం? పెళ్లి భోజనంలో వడ్డించినవాడు వంట చేశానన్నట్లుంటుంది. పోనీ వాషరు బిట్‌ఎక్స్ మొదటి నుంచీ కడదామంటే, సైడ్‌బ్యాండ్ (నోటి మాట పంపే) సెట్టులో మాటను రేడియో సంకేతంలోకి ఎక్కించే బ్యాలెన్స్‌డ్ మాడ్యులేటరు సరిచేయడం, ఐఆర్ఎఫ్510కు బయాస్ (పనిచేయడానికి కావలసిన నిలకడ వోల్టేజీ) పెట్టడం మొదటిసారి చేసేవాడి పనులు కావు. బయాస్ వోల్టేజీ కాస్త ఎక్కువైతే ఆ మాస్ఫెట్ పొగ కూడా రాకముందే పోతుంది.

అమ్మా చంపావతీ, మీ సెట్టు గురించి కూడా ఒక మాట. అందులో ఓ మైక్రోకంట్రోలరు కూర్చొని ఫ్రీక్వెన్సీ పుట్టించడం దగ్గర నుంచి కీ కొట్టడం దాకా అంతా చూసుకుంటుంది. రేపు అది మొండికేస్తే కుర్రవాడు ఏం నేర్చుకుంటాడు? చిప్పు మార్చడమా?

చంపావతి (నెల్లిమర్ల)

చిప్పు మొండికేయడం అరుదు మాస్టారూ. ఆ కిట్ పనిచేయని చోట్ల తొంభై పాళ్లు తప్పు టి1 అనే ఒక్క టొరాయిడ్ దగ్గరే ఉంటుందని కట్టినవాళ్లందరూ నవ్వుతూ చెప్పే మాట; నా కిట్‌లోనూ అక్కడే దొరికింది. ఒకే వలయం మీద మూడు చిన్న చుట్టలు, ఒక పొడవాటి చుట్ట, నాలుగూ ఒకే దిక్కున తిరగాలి. ఏ కొస ఏ రంధ్రంలోకి పోవాలో తడబడితే రిసీవరు మూగబోతుంది. అంటే నేర్చుకునేది చిప్పు మార్చడం కాదు, చుట్ట దిక్కు, తీగ మీది ఎనామిల్ పూత గీకడం, మల్టీమీటరుతో కొస నుంచి కొసకు తీగ తెగలేదని చూసుకోవడం. వైండింగు షాపులో పనిచేసే కుర్రవాడికి ఇంతకంటే సొంతమైన పాఠం ఏముంటుంది?

తుఫాను సంగతిలో ఉద్దానం వారి మాట కాదనను. అయితే అది రెండో సెట్టు ప్రశ్న. మొదటి కిట్ చేయవలసిన పని, రెండో కిట్ కట్టే ధైర్యం మిగల్చడం.

ఉద్దానం కొబ్బరి (కవిటి)

ధైర్యం మాట సరే గానీ, ఏరియల్ మాట ఎవరూ ఎత్తలేదు. 7.030 మెగాహెర్ట్జ్‌కి డైపోలు (రెండు తీగ చేతుల ఏరియల్) కడితే ఒక్కో చేయి పది మీటర్లకు మరో జానెడు. రెండు కొబ్బరి చెట్ల మధ్య ఆరేడు మీటర్ల ఎత్తున కడితే సంకేతం నిట్టనిలువునా ఎగసి, ఆరేడు వందల కిలోమీటర్ల చుట్టూ బాగా వాలుతుంది. హైదరాబాదు, కలకత్తా అందులోకే వస్తాయి. మా సముద్రపు గాలికి కనెక్టరు మూడు నెలల్లో పచ్చబడుతుంది కనుక సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టండి. ఇంకొకటి, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు వెలుగుతుండగా ఏ రిసీవరునూ తిట్టవద్దు. మా ఊళ్లో కరెంటు పోయిన క్షణం బ్యాండు ఎంత నిశ్శబ్దమవుతుందో, పన్నెండు వోల్టుల బ్యాటరీ పెట్టుకొని ఒక్కసారి వినండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

రెండు నెలల తర్వాత మళ్లీ వస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. చంపావతి మేడమ్‌గారి వాదన మీద క్యూసీఎక్స్ మినీ తెప్పించాను. మూడు సాయంత్రాల్లో కట్టాను. డమ్మీ లోడులోకి శక్తి వస్తోంది గానీ రిసీవరు మాత్రం మూగ. టి1 చుట్ట దిక్కులు నాలుగుసార్లు చూసుకున్నాను, తప్పు లేదు. కొస నుంచి కొసకు మీటరు పెడితే పొడవాటి చుట్టలో ఏమీ మోగలేదు.

తీరా చూస్తే సిగ్గుపడవలసిన సంగతి. కిట్‌తో వచ్చిన తీగ ఒకచోట మెలిపడి తెగితే, షాపులోని వైండింగు తీగ తీసి చుట్టాను. మోటారు తీగ పూత వేడికి తట్టుకోవడానికే చేసినది. కిట్ తీగ పూతలా సోల్డరింగ్ వేడికి కాలిపోదు. సోల్డరు పైకి మెరిసిందే తప్ప లోపల రాగికి అంటనేలేదు. రోజూ బ్లేడుతో ఆ తీగనే గీకే నేను, కిట్ పుస్తకంలో కాల్చమని ఉందని గీకడం మానేశాను. కొసలు గీకి మళ్లీ అతికించగానే తెర మీద గీత లేచింది.

నిన్న పొద్దున్న కరెంటు పోయిన వేళ, బ్యాటరీ మీద, కలకత్తా నుంచి ఒకరు నన్ను 559 (స్పష్టంగా అర్థమవుతోంది, బలం ఓ మోస్తరు, స్వరం శుద్ధం) అన్నారు. ఆయన నా కోసం మోర్సు నెమ్మదిగా కొట్టారు.

గంటస్తంభం రేడియో (విజయనగరం)

సంతోషం బాబూ. ఆ తీగ తప్పు నీ సొంతం, దాన్ని ఏ మైక్రోకంట్రోలరూ చెప్పలేదు. నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఆదివారం పొద్దున్న ఏడింటికి విజయనగరం నుంచి నా పిక్సీ పిలుస్తుంది, 7.023లో. అది అక్కడి నుంచి కదలలేదని మేడమ్‌గారు ముందే చెప్పారు గదా, నీ సెట్టు కదులుతుంది కనుక నువ్వే రా. స్వరం వినపడకపోతే కాస్త పక్కకు జరుగు.