ఫారమిర్‌ని సినిమాలో అలా చేశారేంటి? పుస్తకం చదివి చూసినవాళ్లు చెప్పండి

గుడ్లగూబ77:
నేను పుస్తకం ముందు చదివి సినిమా తర్వాత చూసిన బ్యాచ్. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదటి పార్ట్‌కి ఏ పేచీ పెట్టలేదు, అడవిలో పాటలు పాడుతూ తిరిగే టామ్ బాంబడిల్‌ని మొత్తానికే లేపేశారు, సరేలే మూడు గంటల్లో ఎంతని పెడతారు అనుకుని ఊరుకున్నా. కానీ 2002లో వచ్చిన రెండో పార్ట్ టూ టవర్స్‌లో గోండోర్ రాజ్యం కెప్టెన్ ఫారమిర్‌ని చూశాక ఒళ్లు మండిపోయింది. ఎవర్నైనా పాడుచేసే మాయ ఉంగరాన్ని నాశనం చేయడానికి ఫ్రోడో, తోడుగా శామ్ బయల్దేరి ఈయనకి దొరుకుతారు కదా, పుస్తకంలో వాళ్లు మోసుకెళ్తున్నది ఏంటో తెలియకముందే ఆయన ఒక మాట అనేస్తాడు, అది దారి పక్కన పడి ఉన్నా నేను తీసుకోను అని. తర్వాత శామ్ నోరు జారి ఉంగరం సంగతి బయటపెట్టేస్తాడు, ఫారమిర్ లేచి నిలబడతాడు, ఇటు ఫ్రోడో శామ్ ఇద్దరూ గోడకి వీపులు ఆనించి కత్తుల కోసం తడుముకుంటారు, ఆ ఒక్క క్షణం నాకు ఊపిరి ఆడలేదు నిజంగా. అంతలో ఆయన మళ్లీ కూర్చుని మెల్లగా నవ్వుతాడు. ఉంగరం మీద ఆశకి అన్న బోరోమిర్ ఓడిపోయిన చోట తమ్ముడు గెలిచాడు, ఎవరికీ డప్పు కొట్టుకోకుండా గెలిచాడు. సినిమాలో ఏం చేశాడు? ఇద్దర్నీ కట్టేసి యుద్ధం జరుగుతున్న పాడుబడ్డ నగరం ఓస్గిలియత్‌కి లాక్కెళ్లాడు! నాకు మింగుడు పడట్లేదు. మీకు ఎలా అనిపించింది?

సగంచదివా:
నాది రివర్స్, సినిమాలు ముందు. నాకైతే ఫారమిర్ మామూలుగానే అనిపించాడు, మంచోడే కానీ కాస్త తికమకలో ఉన్నాడు అనుకున్నా. తర్వాత పుస్తకం మొదలుపెడితే బాంబడిల్ దగ్గర పాటలు పాటలు పాటలు, అక్కడే ఆగిపోయా. తిట్టకండి.

నెమలికన్ను:
గుడ్లగూబ గారూ మీ బాధ అర్థమైంది కానీ వాళ్ల వైపు నుంచి కూడా చూడండి. తీసినవాళ్లే డీవీడీ ఎక్స్‌ట్రాల్లో దీని గురించి మాట్లాడారు. ఉంగరం ఎవర్నైనా పాడుచేస్తుంది అని మొదటి సినిమా అంతా చెప్పుకొచ్చి, రెండో దాంట్లో ఒకడొచ్చి నాకొద్దు అని చేయి దులిపేసుకుంటే జనానికి ఉంగరం మీద భయం ఎక్కడుంటుంది? పైగా ఇంకో ఇబ్బంది, టూ టవర్స్ పుస్తకం చివర్లో షెలోబ్ సాలీడు ఉంటుంది కదా, దాన్ని మూడో సినిమాకి జరిపేశారు. అప్పుడు రెండో సినిమాలో ఫ్రోడో వాళ్లకి చివర్లో ఏం మిగిలింది? అవతల హెల్మ్స్ డీప్‌లో అంత పెద్ద యుద్ధం నడుస్తుంటే ఇవతల గుహలో కూర్చుని కబుర్లు చెప్పుకుని టాటా చెప్పుకోవడమేనా. ఏదో ఒక గండం కావాలి, ఫారమిర్ దొరికాడు.

గుడ్లగూబ77:
గండం కావాలంటే ఆయన్నే గండం చేయాలా

పాతకాపు:
పుస్తకంలో ఇది వేరే రకంగా కుదురుతుంది. టూ టవర్స్ రెండు ముక్కలు, మొదటి సగంలో ఫ్రోడో అసలు కనపడడు, రెండో సగంలో ఫ్రోడో, శామ్, వాళ్లకి దారి చూపించే గొల్లమ్ తప్ప పాతవాళ్లెవరూ ఉండరు. అలా రోజుల తరబడి బూడిదలో బురదలో వాళ్లతో పాటు నడిచి నడిచి చచ్చాక ఫారమిర్ దొరుకుతాడు, ఎండలో చెట్టునీడ దొరికినట్టు. సినిమాలో అటు కాసేపు ఇటు కాసేపు కట్ చేస్తూ పోతారు కాబట్టి మనకి ఆ అలసట రాదు, అలసట లేనిచోట నీడ చూపిస్తే ఏం లాభం. నేను తప్పు పట్టను. కానీ శామ్‌ని ఫ్రోడో ఇంటికి పొమ్మనే సీన్ ఉంది చూడండి మూడో పార్ట్‌లో, గొల్లమ్ రొట్టె పారేసి శామ్ మీద నేరం వేసేది, దాన్ని మాత్రం ఈ జన్మకి క్షమించను. పుస్తకంలో ఇద్దరూ కలిసే షెలోబ్ గుహలోకి వెళ్తారు. ఫ్రోడో శామ్‌ని నమ్మకపోవడం ఏంటి అసలు.

లాంతరు:
+1 పాతకాపు గారు. ఆ సీన్ వచ్చినప్పుడల్లా ఫార్వర్డ్ చేస్తా.

నా లిస్ట్‌లో ఇంకోటి, ఫ్రోడో వాళ్లు సొంత ఊరు షైర్‌కి తిరిగొచ్చేసరికి దుష్ట మాంత్రికుడు సరుమాన్ దాన్ని నాశనం చేసి ఉండే చాప్టర్ తీసేయడం. యుద్ధం ఎక్కడో దూరంగా జరిగి ఇల్లు ఇల్లులాగే ఉండిపోయింది సినిమాలో. పుస్తకంలో వీళ్లు వచ్చేసరికి చెట్లు నరికేసి ఉంటాయి, సొంత ఊళ్లో మళ్లీ కొట్లాడాల్సి వస్తుంది. ఫ్రోడో స్నేహితులు మెర్రీ పిప్పిన్ ఎంత ఎదిగారో తెలిసేది అక్కడే కదా.

నెమలికన్ను:
అది పెడితే సినిమా ఇంకో గంట. ఇప్పటికే ముగింపులు ఎక్కువయ్యాయని గోల చేశారు జనం 😄

మంచుకొండ:
ఎవరూ ఫ్రోడో వయసు గురించి మాట్లాడరేంటి. ఫ్రోడోకి ఉంగరం వదిలి వెళ్లిన బిల్బో పుట్టినరోజు పార్టీ అయ్యాక పుస్తకంలో 17 ఏళ్లు గడుస్తాయి, ఫ్రోడో బయల్దేరేటప్పటికి 50. సినిమాలో మాంత్రికుడు గండాల్ఫ్ ఇలా వెళ్లి అలా వచ్చినట్టుంటుంది. కుర్రాడు హీరో అయితేనే చూస్తారనుకున్నారేమో, సరే నాకేం కోపం లేదు, ఊరికే చెప్తున్నా.

లాంతరు:
ఫారమిర్ టాపిక్‌కి వస్తే ఒక విషయం. టోల్కీన్ 1944లో ఈ భాగం రాస్తూ కొడుక్కి ఉత్తరం రాశాడు, కొత్త మనిషి ఒకడు కథలోకి వచ్చాడు, నేను కల్పించలేదు, నాకు అక్కర్లేదు కూడా, వాడే ఇథిలియన్ అడవిలోంచి నడుచుకుంటూ వచ్చేశాడు అని. ఇంకోచోట నా పాత్రల్లో నాలాంటివాడు ఎవరైనా ఉంటే అది ఫారమిరే అన్నాడు. అందుకే పుస్తకం అభిమానులకి ఈయన దగ్గర అంత మంట. రాసినాయన తన గుండె ముక్క కోసి పెట్టిన పాత్ర మరి.

నెమలికన్ను:
గుడ్లగూబ గారూ ఒక్క ప్రశ్న, మీరు చూసింది థియేటర్ వెర్షనా ఎక్స్‌టెండెడా?

గుడ్లగూబ77:
థియేటర్‌దే. 40 నిమిషాల పైన ఎక్కువంట కదా అది, కోపంలో ఉన్నోడికి ఇంకో 40 నిమిషాలు ఎందుకు అని చూడలేదు

నెమలికన్ను:
చూసి రండి. ఫారమిర్ వాళ్ల నాన్న డెనెథోర్ ఉన్న ఫ్లాష్‌బ్యాక్ ఒకటుంది దాంట్లో. ఇంకేం చెప్పను.

సగంచదివా:
ఎల్ఫ్ జాతి అమ్మాయి ఆర్వెన్ గుర్రం మీద ఫ్రోడోని తీసుకెళ్లేది కూడా పుస్తకంలో లేదంట నిజమేనా??

పాతకాపు:
నిజమే. అక్కడ గ్లోర్ఫిండెల్ అని వేరే ఎల్ఫ్ వస్తాడు, గుర్రం ఇస్తాడు, ఫ్రోడో ఒక్కడే ఏరు దాటి అవతలి ఒడ్డున నిలబడి ఉంగరం కోసం వెంటపడే ఆ నల్లగుర్రాలవాళ్లకి ఎదురు చెప్తాడు. సినిమాలో ఫ్రోడో సంచిలా వేలాడుతుంటాడు పాపం. అయినా ఆర్వెన్ సీన్ నాకు ఇష్టమే, ఆమెకి పుస్తకంలో ఉన్నదే నాలుగు పేజీలు.

గుడ్లగూబ77:
చూశాను. రాత్రి రెండయింది పడుకోకుండా టైప్ చేస్తున్నా.

నెమలికన్ను గారూ మీరు ఎందుకు చూడమన్నారో అర్థమైంది. ఫ్లాష్‌బ్యాక్‌లో బోరోమిర్ ఓస్గిలియత్ గెలిచి ఉంటాడు, అన్నదమ్ములు నవ్వుకుంటుంటారు, అంతలో తండ్రి వచ్చి పెద్దోడ్ని కౌగిలించుకుని చిన్నోడ్ని పురుగులా చూస్తాడు. ఉంగరం తెచ్చే పని నేను వెళ్తా నాన్నా అని ఫారమిర్ అంటే, ఓహో గోండోర్ కెప్టెన్ ఫారమిర్ తన సత్తా చూపించుకునే అవకాశమా అని వెటకారం చేస్తాడు. అక్కడ పాజ్ చేశా. ఎందుకంటే ఈ మాట పుస్తకంలో ఫారమిర్‌ది! పైన చెప్పానే, లేచి నిలబడినప్పుడు అనే మాట అదే, అని నవ్వేసి వదిలేస్తాడు. ఇక్కడ దాన్ని తీసుకెళ్లి తండ్రి నోట్లో పెట్టారు. ఆ తర్వాత గుహలో ఉంగరం కత్తి మొనకి తగిలించి చూస్తూ ఫారమిర్ అదే మాట అంటుంటే, థియేటర్ వెర్షన్‌లో నాకు దురాశలా వినపడింది, ఇప్పుడు వింటే చిన్నప్పుడు తిన్న దెబ్బని పెద్దయ్యాక తడుముకుంటున్నట్టుంది. ఇంత ముఖ్యమైన సీన్ కోసేసి ఎలా రిలీజ్ చేశారు వీళ్లు?

అయినా నా ఫారమిర్ ఈయన కాదు. ఈయన వేరే మనిషి, నాన్న మెప్పు కోసం తప్పు చేయబోయి ఆగినవాడు. నావాడికి ఆ మెప్పు అక్కర్లేదు అని కాదు, ఉన్నా దానికోసం వంగడు. కానీ ఓస్గిలియత్‌లో చివరికి వదిలేసేటప్పుడు పక్కవాడు నీ ప్రాణం పోతుంది అంటే పోనీ అంటాడు చూడండి, అక్కడ మాత్రం డేవిడ్ వెన్‌హమ్ మొహంలో నావాడు ఒక్క సెకను కనపడ్డాడు.

పాతకాపు:
ఆ ఓస్గిలియత్‌లోనే శామ్ అసలు మనం ఇక్కడ ఉండాల్సినవాళ్లమే కాదు అంటాడు, గమనించారా? పుస్తకంలో వాళ్లు అక్కడికి రానే రారు కదా, చదివినవాళ్లకి అది ఒక చిన్న కన్నుగీటు 😂

గుడ్లగూబ77:
హహహ ఇంతకాలం గమనించలేదు. సరే ఆ ఒక్క డైలాగ్‌కి కొంచెం మాఫీ

సగంచదివా:
మీ అందరి వల్ల మళ్లీ పుస్తకం తీశా. ఈసారి బాంబడిల్ పాటలు దాటేసి ముందుకెళ్లా, రివెండెల్ చేరా. ఫారమిర్ దాకా రావడానికి టైమ్ పడుతుంది, దయచేసి అప్పటిదాకా ఎవరూ ఏం చెప్పకండి

లాంతరు:
పైన ఒక్కసారి స్క్రోల్ చేయి తమ్ముడూ